పచ్చచుక్క కాపలా

ఆనకట్ట ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషిని అందరూ ‘వందశాతం’ అని పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గాని, అది హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా నోరు తెరిచేది కాదు. ఈ బిరుదు అతనికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ ఆఫీసువారి వెబ్‌సైటు సంగతి చెప్పాలి.

వెబ్‌సైటంటే మహా వైభవమేమీ కాదు. అందులో మనిషికి పనికొచ్చే పేజీ ఒక్కటే. గేట్లు మూసి ఉన్నాయా, ఎత్తారా, ఎత్తబోతుంటే ఎన్ని గంటలకు, ఈ మూడు ముక్కలే అందులో ఉంటాయి. మిగతా పేజీలన్నీ పెద్దవాళ్ళ ఫొటోలు. పూర్వం గేట్లు ఎత్తేముందు సైరను మోగించేవారు. ఆ సైరను గొంతు ఎలాంటిదంటే, అది మోగితే దిగువనున్న ఇళ్ళలో పొయ్యిమీది పాలు విరిగిపోయేవనీ, పుట్టుచెవిటివాళ్ళు కూడా చెవులు మూసుకునేవారనీ చెప్పుకునేవారు. అది ఒకనాడు తుప్పుపట్టి మూగబోయింది. బాగుచేయించే బదులు, ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి గదా, చూసుకుంటారులే అని ఆ పేజీ పెట్టారు. అప్పట్నుంచి నది ఇసుకలో కాలు పెట్టే ప్రతి మనిషీ ముందు ఆ పేజీ చూసి మరీ పెట్టాలి.

అలా కాలు పెట్టేవాళ్ళలో ముఖ్యుడు వందశాతం బావ. అక్క మొగుడు. పట్నానికి మంచినీళ్ళు తోడే పంపుల మెకానిక్కు. నది ఇసుక మధ్యలో పెద్ద సిమెంటు బావి ఉంది. గట్టునుంచి దాని దగ్గరికి మూడువందల అడుగులు నడవాలి. లోపలికి ఇనుప నిచ్చెన, నలభై మెట్లు. అడుగున నీళ్ళు పీల్చే గొట్టం మూతికి వారానికి రెండుసార్లు నాచు పట్టి పంపు దగ్గడం మొదలెడుతుంది. బావ దిగి ఆ నాచును చేత్తో పీకి పారేస్తే మళ్ళీ దాని గొంతు బాగవుతుంది. గేట్లు మూసి ఉన్నంతసేపూ ఇసుక ఎండి ఉంటుంది. ఎత్తిన నలభై నిమిషాలకు నీళ్ళు అక్కడికి చేరతాయి. బావి గోడ నడుము ఎత్తు. నీళ్ళకు అదొక లెక్క కాదు, దాని మీదుగా పోతాయి.

బావ అబద్ధాలకోరు కాదుగాని నిజాన్ని చిక్కగా వడ్డించడం అతనికి చేతనయ్యేది కాదు. ఒకసారి నాచులోంచి ముసలిచేప ఒకటి తల బయటపెట్టి టైమెంతయిందని అడిగిందనీ, తనకు వాచీ లేదంటే విసుక్కుని మళ్ళీ లోపలికి వెళ్ళిందనీ చెప్పేవాడు. మీ బావ మాటలు సగం వడగట్టి తాగాలిరా అని అక్క కుట్టుమిషను దగ్గర్నుంచే అనేది. కాని దిగే విషయంలో మాత్రం అతనికి హాస్యం ఉండేది కాదు. పేజీ చూసేవాడు. చూసినా నమ్మేవాడు కాదు.

“చేప చచ్చినా కళ్ళు తెరిచే ఉంటాయి బామ్మర్దీ. నీ పేజీ నిజంగా బతికుందో, ఊరికే నన్ను చూస్తోందో నాకెలా తెలుస్తుంది?” అనేవాడు.

అందుకని బావా బామ్మర్దులిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. గట్టుమీది షెడ్డులో చొక్కా విప్పి మేకుకు తగిలించేముందు బావ ఫోన్ చేస్తాడు. “బతికుందా?” అంటాడు. వందశాతం తలెత్తి చూసి, “బతికుంది బావా, దిగు” అంటాడు. అంతే. ఆ మాట చెవిన పడందే బావ ఇసుకలో అడుగు పెట్టేవాడు కాదు. పడ్డాక ఇక వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

వందశాతం తలెత్తి చూసేది గోడమీది తెరను. ఆ తెర అతని సొంత సృష్టి. వెబ్‌సైటు బతికుందో లేదో కనిపెట్టే ప్రోగ్రాములు బయట రెడీమేడ్‌గా దొరుకుతాయి గాని, అవి వాడితే ఇంకొకరి కళ్ళజోడు పెట్టుకున్నట్టుంటుందని తనే ఒకటి రాసుకున్నాడు. అది నిమిషానికోసారి వెళ్ళి ఆ గేట్ల పేజీ తలుపు కొడుతుంది. పది సెకన్లలో లోపల్నుంచి జవాబొస్తే తెరమీద ఆకుపచ్చ చుక్క. రాకపోతే ఎర్రచుక్క, పైగా అతని ఫోను తోక తొక్కిన పిల్లిలా అరుస్తుంది.

మొదట్లో అంతా న్యాయంగానే నడిచింది. వచ్చిన చిక్కల్లా ఆ పేజీ మహా నిదానస్తురాలు. తలుపు కొడితే వస్తున్నా వస్తున్నా అంటూ గేట్ల లెక్కలుండే చోటికి వెళ్ళి, అక్కడ తీరిగ్గా వెతికి, తెచ్చి చెప్పేసరికి ఒక్కోసారి పన్నెండు సెకన్లయ్యేది. పన్నెండైతే పిల్లి అరుపే. అన్నం కలుపుకుంటుంటే అరుపు. స్నానాల గదిలో ఉంటే అరుపు. ఒకరోజు మంగలి కుర్చీలో ఉండగా అరిస్తే, సగం మీసంతో లేచి ఆఫీసుకు పరుగెత్తాడు. ఇంజనీరుగారు అతనితో మాట్లాడుతూ ఏ వైపు చూడాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడారట. తీరా చూస్తే పేజీ బాగానే ఉంది, కాస్త ఆవలించింది అంతే.

నెలాఖరుకు సైటు ఎంతసేపు బతికుందో లెక్క తీస్తే తొంభైమూడు శాతం వచ్చింది. పై ఆఫీసుకు ఈ అంకె ఎలా పంపమంటావని ఇంజనీరుగారు అడిగారు. పేజీ నిదానం పోవాలంటే గేట్ల లెక్కలన్నీ మళ్ళీ మొదట్నుంచి సర్దాలి, దానికి మూడు నెలలు కావాలన్నాడు వందశాతం. మూడు నెలలు లేవు, మూడు రోజులున్నాయన్నారు ఆయన.

ఆ మూడో రోజున అతనొక చిన్న పని చేశాడు. వెబ్‌సైటులో ఎవరికీ కనపడని మూల చిట్టిపేజీ ఒకటి పెట్టాడు. అందులో ఒకే మాట: ‘ఉన్నాను’. ఇకమీదట గేట్ల పేజీ తలుపు కాకుండా ఈ చిట్టిపేజీ తలుపు కొట్టమని తన ప్రోగ్రాంకి చెప్పాడు. లోపల మంచంమీదున్న రోగి ఎలా ఉన్నాడని వాకిట్లో బీడీ కాలుస్తున్న కాపలావాణ్ణి అడిగినట్టు. ఆ సంగతి అతనికి తెలియకపోలేదు. తెలుసు గనకే ప్రోగ్రాంలో ఆ ఆజ్ఞ పైన తన చేత్తోనే రాసుకున్నాడు: తాత్కాలికం, వచ్చే వారం మార్చాలి.

ఆ వారం పద్నాలుగు నెలలు సాగింది. లోకంలో అంత పొడుగు వారం ఇంకెవరూ చూసి ఉండరు.

చిట్టిపేజీ రెప్పవేసే లోపల జవాబు చెప్పేది. పిల్లి అరవడం మానేసింది. మీసం రెండువైపులా సమంగా పెరిగింది. నెలనెలా లెక్క వందకు వంద. పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు పత్రం వచ్చింది, దాన్ని అద్దంలో బిగించి గోడకు కొట్టారు, బిరుదు అలా అంటుకుంది. నోటిమాట ఎవరు నమ్ముతారు, రుజువుండాలి గదా అని ఇంజనీరుగారు మొదట్లోనే అంటే, తలుపు కొట్టిన ప్రతిసారీ ఆ చిట్టిపేజీకి ఒక ఫొటో తీసి, గేట్ల లెక్కలుండే మిషనులోనే దాచమని ప్రోగ్రాంకి ఇంకో ముక్క నేర్పాడు. నిమిషానికొక ఫొటో. పద్నాలుగు నెలలకు ఆరు లక్షల పైచిలుకు. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసి బతికేవాడు ఏడు జన్మలెత్తినా అన్ని తీయలేడు. అన్నింటిలోనూ ఒకే మాట.

బావ వారానికి రెండుసార్లు అడుగుతూనే ఉన్నాడు. వందశాతం తలెత్తి చూసి చెబుతూనే ఉన్నాడు.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు, ఎగువన వానలు పడి నీళ్ళు పెరిగాయి, పదింటికి గేట్లు ఎత్తాలని కబురొచ్చింది. గేట్లు తిప్పే పెద్దాయన, అందరూ గేటాయన అంటారు, ఆ సంగతి కంప్యూటర్లో రాసి నొక్కాడు. ఆగమని చెప్పే చిన్న చక్రం కంప్యూటరు తెరమీద తిరిగింది. తిరుగుతూనే ఉంది. అది ఎప్పుడూ తిరిగేదే గనక ఆయన పట్టించుకోలేదు. గోడమీది తెర వంక చూశాడు. పచ్చగా ఉంది. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని గేట్ల మీదికి వెళ్ళిపోయాడు.

పదికి పది నిమిషాలుందనగా బావ ఫోన్ చేశాడు. వందశాతం అప్పుడు ఏడాది రిపోర్టు తయారుచేస్తున్నాడు.

“బతికుందా?”

“బతికుంది బావా, దిగు.”

“మీ అక్క నీకు చొక్కా కుట్టింది. భుజాలు నీ కొలతకు మించిపోయాయి, మెచ్చుకోలు పత్రం వచ్చినప్పటి కొలతలట. సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు” అని నవ్వి పెట్టేశాడు.

పదీ ఇరవైకి రిపోర్టు అట్టమీద వేయడానికి తాజా ఫొటో ఒకటి కావలసి వచ్చింది. తీశాడు. దాచడానికి చోటు లేదంది మిషను. మళ్ళీ తీశాడు. చోటు లేదు. ఎప్పట్నుంచి లేదో చూస్తే, నిన్న సాయంత్రం ఆరుంబావు తర్వాత ఒక్క ఫొటో కూడా లోపలికి చేరలేదు. ఆరు లక్షల ‘ఉన్నాను’లు కలిసి ఆ మిషను కడుపు నింపేశాయి. ఫొటో చేరకపోతే అరవమని అతను ప్రోగ్రాంకి చెప్పలేదు. అరవవలసిన అవసరం వస్తుందనుకోలేదు.

ఫొటోకి చోటు లేకపోతే గేట్ల లెక్కలకు మాత్రం ఎక్కడుంటుంది? ఈ ముక్క అతని బుర్రకు తట్టడానికి గుక్కెడు నీళ్ళు తాగేంతసేపు పట్టింది. ఆ గుక్కెడు సేపును అతను తర్వాత ఎన్నిసార్లు కొలుచుకున్నాడో.

గేట్ల పేజీ తెరిచాడు. పద్నాలుగు నెలల్లో తన కళ్ళతో తెరవడం అదే మొదలు. గేట్లు మూసి ఉన్నాయంది పేజీ. దాని కింద చీమ కాలంత అక్షరాల్లో, నలభై దాటిన కంటికి ఆనని అక్షరాల్లో, ఆ మాట ఎప్పుడు రాసిందో ఉంది. నిన్న సాయంత్రం ఆరూ పది.

అతను లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. వరండా చివర గేటాయన చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు. గేట్ల సంగతి అడిగితే, పదింటికే ఎత్తేశాం గదా, పేజీలో కూడా పెట్టాను, ఏమైంది అన్నాడు.

బావకు ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. అది ఎక్కడ మోగుతోందో అతనికి తెలుసు. షెడ్డులో, మేకుకు వేలాడే చొక్కా జేబులో.

అక్కకు చేశాడు. అక్క ఇల్లు గట్టుకు పది నిమిషాల నడక, పరుగెత్తితే ఏడు.

“అక్కా, నీళ్ళొస్తున్నాయి. బావని పైకి రమ్మను. నువ్వు మాత్రం ఇసుకలో దిగకు.”

కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆ తర్వాత అతనికి వినపడిందంతా చెప్పుల చప్పుడు, కాసేపటికి చెప్పులు లేని కాళ్ళ చప్పుడు, ఊపిరి. ఫోను చెవికి పెట్టుకునే పరుగెత్తుతోంది. షెడ్డు తలుపు కిర్రుమంది. బావిలో వెలుగు కోసం వేలాడదీసిన దీపానికి మీట షెడ్డులోనే ఉంటుంది. మొగుడు ఎప్పుడో చెప్పి ఉంచాడు, ఏదైనా ఐతే ఆ దీపం ఆర్పేయ్, పైకొచ్చేస్తానని. మూడువందల అడుగుల అవతల, నలభై మెట్ల లోతున ఉన్న మనిషికి గట్టుమీంచి పిలిస్తే వినపడదు.

“దీపం ఆర్పేశాన్రా” అంది అక్క.

అతను గోడ గడియారం చూస్తున్నాడు. పదీ ముప్ఫైనాలుగు. నిచ్చెన ఎక్కడానికి రెండు నిమిషాలు, ఇసుకలో పరుగుకు ఒకటి. సరిపోతుంది. గేటాయన పక్కనే నిలబడి అతని భుజంమీద చెయ్యి వేసి ఉన్నాడు. గేట్లు దించమని మనిషిని పంపాననీ, వదిలిన నీళ్ళు మాత్రం ఇక ఆగవనీ చెప్పాడు.

అక్క పిలుస్తోంది. మొగుణ్ణి పేరుతో పిలిచే అలవాటు ఆమెకు లేదు. ఆ రోజు పేరుపెట్టి పిలిచింది. ఎన్నిసార్లు పిలిచిందో.

“రావట్లేదురా” అంది.

దూరాన వంద లారీల కంకర ఒకేసారి ఒలికినట్టు చప్పుడు. అది ఫోన్లోంచి ఈ గదిలోకి కూడా వచ్చింది. అక్క, “నీళ్ళు” అంది, పక్కింటివాళ్ళకు కుళాయి వచ్చిందని చెప్పినంత మెల్లగా. ఆ తర్వాత ఫోను చెవిదగ్గర పెట్టుకోవడం మానేసింది గాని, కట్ చేయలేదు. అతనూ చేయలేదు. చాలాసేపు నది చప్పుడు విన్నాడు.

తలెత్తితే గోడమీద చుక్క పచ్చగా ఉంది.

నీళ్ళు తగ్గాక బావి తోడి, బావను మధ్యాహ్నం మూడు దాటాక పైకి తెచ్చారు. గుప్పిట్లో నాచు ఉంది. నుదుటికి కట్టుకున్న టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ బావిలో దీపం పాతది, వైరు వదులై నెలకు నాలుగైదుసార్లు దానంతటదే ఆరిపోయేది. మొదట్లో ఆరినప్పుడల్లా బావ ఆదరాబాదరా పైకొచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ గట్టుమీద ఎవరూ ఉండేవారు కాదు. ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగాయని నవ్వుకుంటూ ఒక టార్చి కొనుక్కున్నాడు. ఆ రోజూ అదే అనుకుని టార్చి వెలిగించుకుని పని చేసుకుపోయాడు.

తొమ్మిదో రోజున విచారణ కాగితం వచ్చింది. ప్రమాద సమయంలో వెబ్‌సైటు అందుబాటులో ఉందా? ఉంది, లేదు, రెండు గళ్ళు. ఇంజనీరుగారు తలుపు వేసి, తన కుర్చీ అతని పక్కకు లాక్కుని మాట్లాడారు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. ఉంది అన్న గడిలో టిక్కు పెట్టు, అది అబద్ధం కూడా కాదు, లెక్క ప్రకారం ఆ రోజు కూడా వందే గదా, ఆరు లక్షల ఫొటోలున్నాయి సాక్ష్యానికి, పోయిన మనిషి ఎలాగూ తిరిగిరాడు అన్నారు. వందశాతం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది గాని కుట్టడం లేదు. ఆఫీసువాళ్ళు వచ్చి సైటు పడిపోలేదని చెప్పి వెళ్ళారంది. తమ్ముడి ముఖం చూడకుండా, మిషను చక్రం మీద చెయ్యి పెట్టి అడిగింది.

“మీ బావ ఫోన్ చేసినప్పుడు ఆ పేజీ తెరిచి చూశావా?”

చూశానంటే అయిపోతుంది. ఆమె నమ్ముతుంది. ఇన్నాళ్ళూ నమ్మింది, మొగుడూ నమ్మాడు.

“లేదక్కా. చుక్కను చూశాను.”

చుక్క ఎవర్ని అడిగి పచ్చగా ఉంటుందంది. చిట్టిపేజీ సంగతి మొత్తం చెప్పాడు. తాత్కాలికమని రాసుకున్న మాట కూడా. చెబుతున్నంతసేపూ అక్క ఆ చక్రాన్ని కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ తిప్పుతూ ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని అతను కాచుకుని కూర్చున్నాడు.

“అన్నిసార్లూ నిన్ను అడిగే దిగాడు” అంది చివరికి. “నువ్వు ఒక్కసారి కూడా చూడలేదన్నమాట.”

లేచి లోపలికి వెళ్ళి బావ ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది. మేకుకు వేలాడిన చొక్కాలో దొరికింది అదొక్కటే. రెండుసార్లు బామ్మర్ది చేసినట్టుంది. దాని వెనక ఆ పేజీ తెరిచే ఉంది. గేట్లు మూసి ఉన్నాయి.

“చూస్తే దీంట్లోంచి చూడు. ఆయన ఎక్కణ్ణుంచి చూసేవాడో అక్కణ్ణుంచి” అంది. కొత్త చొక్కా సంగతి ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. కుర్చీమీద మడత పెట్టి ఉంది.

అతను అక్కడే, మిషను బల్లమీదే కాగితం పెట్టుకుని ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. దాని కింద ఖాళీ తక్కువుంటే కాగితం తిరగేసి, చిట్టిపేజీ ఎందుకు పెట్టాడో, ఎవరి చేత్తో పెట్టాడో, మిషను దేనితో నిండిందో రాసి సంతకం చేశాడు. అద్దంలోని పత్రం గోడమీంచి దిగింది. అతన్ని పాత సామాన్ల గదికి మార్చారు. ఐదు నెలలు అక్కడ తుప్పుపట్టిన సైరను పక్కనే కూర్చుని బోల్టులు లెక్కపెట్టాడు. తర్వాత, అతను రాసిన ప్రోగ్రాం ఇంకెవరికీ అంతుపట్టక, మళ్ళీ పాత కుర్చీకే పిలిచారు.

ఇప్పుడు గోడమీద చుక్క లేదు. బల్లమీద బావ ఫోను ఉంది. ప్రోగ్రాం ఆ ఫోన్లోంచే గేట్ల పేజీ తెరుస్తుంది, దానిమీది టైము చదువుతుంది, టైము కదలకపోతే ఆ ఫోనే మోగుతుంది. రోజుకు ఆరేడుసార్లు మోగుతుంది. మోగిన ప్రతిసారీ అతను లేచి వరండా చివరిదాకా నడిచి వెళ్ళి గేట్లను కంటితో చూసి వస్తాడు. చాలాసార్లు ఏమీ ఉండదు. నెలాఖరుకు తొంభైఒకటి వస్తుంది, తొంభైఒకటనే పంపుతాడు. వందశాతం అని ఇప్పుడెవరూ పిలవరు. అక్క మాట్లాడుతుంది గాని, ఒరే అనడం మానేసింది.

బావ స్థానంలో కొత్త మెకానిక్కు వచ్చాడు. పెళ్ళై ఏడాది కాలేదు. ఆ పాత పద్ధతి గురించి ఎవరు చెప్పారో, మొదటి రోజే షెడ్డులోంచి ఫోన్ చేశాడు.

“సార్, పేజీ బతికుందాండీ? దిగొచ్చా?”

“చొక్కా విప్పకు” అన్నాడతను, కుర్చీలోంచి లేస్తూ. “అక్కడే ఉండు. చూసొచ్చి చెబుతాను.”